తలుపు సీను కోసింది స్టూడియో కాదు

అంతరిక్షంలో భూతాలు మనుషుల్ని తినే సినిమాలకు రెండో భాగం, మూడో భాగం వచ్చినప్పుడల్లా జనం చెప్పుకునే కథ ఒకటే. డైరెక్టర్ మహానుభావుడు, అద్భుతం తీశాడు. స్టూడియో వాళ్ళు, కోటు తప్ప మెదడు లేనివాళ్ళు, చివర్లో వచ్చి దాన్ని ముక్కలు చేశారు. ఆ ముక్కలు కొన్నేళ్ళకు డిస్కులో ‘తొలగించిన సన్నివేశాలు’ పేరుతో బయటపడితే అభిమానులు తలలు బాదుకుంటారు. ఇది ఉండి ఉంటే సినిమా ఎక్కడికో వెళ్ళేదని.

నేను ఇరవై ఆరేళ్ళు టొరంటోలో ఎడిటింగ్ గదుల్లో పనిచేశాను. చేసినవాటిలో సగం ఈ బాపతు సినిమాలే. ఆ కథ సోమరి కథ. కోసేసిన సీన్లలో చాలా భాగం కోయదగ్గవే. నేను అసిస్టెంటుగా చేసిన ఒక మూడో భాగంలో తెల్లకోటు శాస్త్రవేత్త ఒకడు, భూతం గుడ్లు ఎలా పెడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి ఏడు నిమిషాలు పాఠం చెబుతాడు. ఆ ఏడు నిమిషాల కోసం ఇవాళ్టికీ కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళున్నారు. దాన్ని తీసేద్దామని మొదట అన్నది నేనే. మళ్ళీ అవకాశమిస్తే మళ్ళీ తీసేస్తాను. గుడ్లు పెడుతుందని తెలిసిన క్షణం భూతం కాస్తా కోడి అయిపోతుంది. కోడికి ఎవరు భయపడతారు?

అదే సినిమాలో కోయకూడని సీను కూడా ఒకటి పోయింది. దాన్ని కోసింది స్టూడియో కాదు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, స్టూడియో కోసిందని కాగితం మీద రాసింది నేనే.

ఎవరికోసం రాస్తున్నాను

కుడి మణికట్టు పనికిరాకుండా పోయాక ఉద్యోగం మానేశాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక ప్రైవేట్ కాలేజీలో వారానికి రెండు రోజులు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. పిజ్జా కొట్టు మీద రెండు అంతస్తులు. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఏళ్ళవి. ఇరవై మంది పట్టే గదిలో యాభై మందిని కూర్చోబెట్టి, వెనక వరస వాళ్ళకు కుర్చీలు చాలకపోతే ‘హైబ్రిడ్ క్లాస్’ అని పేరు పెట్టిన ఘనులు ఆ కాలేజీ వాళ్ళు. ఎడిటింగ్ డిప్లొమాలో ఎందుకు చేరావని మొదటి రోజు ఒకమ్మాయిని అడిగాను.

“కన్సల్టెన్సీ అంకుల్ ఇందులోనే సీటుందన్నారు మేడమ్. పీఆర్ వచ్చేదాకా ఎడిటింగ్, తర్వాత ఐటీ.”

పీఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి అనుమతి. కనీసం నిజం చెప్పింది. ఆ కాలేజీ బ్రోషర్ అంతమాత్రం కూడా చెప్పదు.

మన పెద్దవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఒకసారి కాల్గరీలో మా పిన్ని కూతురి గృహప్రవేశానికి వెళితే, ఆయిల్ కంపెనీలో పనిచేసే ఒకాయన నా ఉద్యోగం గురించి విని, “అయితే పాటలు కూడా మీరే కట్ చేస్తారా అండీ?” అన్నాడు.

“మా సినిమాల్లో పాటలుండవండీ. పాడేవాళ్ళని భూతం మొదటి అరగంటలోనే తినేస్తుంది” అన్నాను. భోజనాలయ్యేదాకా ఆయన నా వైపు చూడలేదు.

యాభై మందిలో ఏ ఐదుగురో నిజంగా ఈ పని చేయాలని వచ్చినవాళ్ళుంటారు. ఇది వాళ్ళ కోసం. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో మీకు నాకంటే బాగా తెలుసు. అది నేర్పను.

కారణం గడి

ఎడిటింగ్ గదిలో సీను తీసేయడమంటే పారేయడం కాదు, పక్కకు ఎత్తి దాచడం. దాచిన ప్రతిదాన్నీ ఒక పట్టికలో ఎక్కించాలి. సీను నంబరు, నిడివి, తేదీ, కారణం. మొదటి మూడు గడులూ కంప్యూటర్ నింపేది. కారణం గడి మాత్రం చేత్తో రాయాలి. అది మా సీనియర్ ఎడిటర్ గోర్డన్ పెట్టిన పద్ధతి. చేత్తో రాసేటప్పుడు మనిషి ఒక క్షణం ఆలోచిస్తాడని ఆయన నమ్మకం. ఆ రాసే మనిషిని నేను. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టర్‌కో కాపీ, నిర్మాతకో కాపీ, స్టూడియో ప్రతినిధికో కాపీ ఇచ్చి, మా దగ్గరుండే కాపీ మీద ఆ ప్రతినిధి చేత పొడి సంతకం పెట్టించుకునేదాన్ని.

మామూలు కారణాలు మామూలుగానే ఉండేవి. ‘నెమ్మదిగా ఉంది.’ ‘ముందే చెప్పాం.’ ‘నటుడికి జలుబు.’ కానీ ఎవరూ తమదని ఒప్పుకోని కత్తిరింపులు కొన్ని ఉంటాయి. డైరెక్టర్ స్నేహితుడి వేషం పోయింది, స్నేహితుడికి ఎవరు చెబుతారు? నిర్మాత భార్య రాసిన డైలాగ్ పోయింది, ఇంటికెళ్ళి ఎవరు తిట్లు తింటారు? అలాంటి చోటల్లా రెండే మాటలు రాసేదాన్ని. ‘స్టూడియో సూచన.’

నేను చేరిన కొత్తలో గోర్డన్‌ని అడిగాను, ఇది వాళ్ళు చెప్పలేదు కదా అని.

“వాళ్ళు దూరంగా ఉంటారు విజ్” అన్నాడు. విజయలక్ష్మి అనే నా పేరు ఆయన నోట్లో అంతకు మించి పట్టలేదు. “వాళ్ళని అందరూ ఎలాగూ తిడతారు. ఇంకో తిట్టుకి ఏమవుతుంది? ఇక్కడున్నవాళ్ళం రేపు మళ్ళీ మొహాలు చూసుకోవాలి.”

ఎంత తెలివిగా ఉందో చూడండి. నాకూ అప్పుడు తెలివిగానే అనిపించింది. మనిషిని ఆలోచింపజేయడానికి పెట్టిన గడిలో, ఆలోచించకుండా రాయడానికి రెండు మాటలు కనిపెట్టుకున్నాం. నాలుగు సినిమాలు అలాగే రాశాను.

తలుపు సీను

మూడో భాగంలో ఈడిత్ అని ఒక నటి ఉండేది. పడమటి మైదానాల్లో రెజైనా అనే ఊరి నుంచి వచ్చిన మనిషి. అరవై దాటాయి. జీవితమంతా నాటకాలు, సినిమాల్లో మాత్రం నర్సు, పక్కింటావిడ, శవం. ఇందులో అంతరిక్ష స్థావరంలో వంటమనిషి వేషం. ఆవిడకు సీనంటూ ఉన్నది ఒక్కటే, నాలుగు నిమిషాలు.

స్థావరంలో అందరూ చచ్చిపోయారు. ఈవిడ స్టోర్ రూమ్ ముందు స్టూలు వేసుకుని బంగాళాదుంపల తొక్కు తీస్తూ ఉంటుంది. ఇనప తలుపు అవతల భూతం ఉందని తెలుసు. పారిపోవడానికి చోటు లేదు. ఊసుపోక దానితో మాట్లాడుతుంది. ఎవరెవరు ఏ కూర ఇష్టంగా తినేవాళ్ళో చెబుతుంది. మాటల మధ్యలో కత్తి పిడితో తలుపు మీద రెండుసార్లు కొడుతుంది. కాసేపటికి అవతల నుంచి రెండుసార్లు చప్పుడవుతుంది. ఆవిడ తొక్కు తీయడం ఆపదు. కొంచెం నెమ్మదిగా తీస్తుంది, అంతే. చుక్క నెత్తురు లేదు. నేను పనిచేసిన సినిమాలన్నిటిలో నాకు నిజంగా భయమేసిన సీను అదొక్కటే.

ఊరి చివర మాల్‌లో ప్రివ్యూ వేశారు. ప్రివ్యూ అంటే విడుదలకు ముందు ముక్కూ మొహం తెలియని జనాన్ని పోగేసి సినిమా చూపించి, అభిప్రాయాలు రాయమని కార్డులివ్వడం. సినిమా నిడివి ఎక్కువైందని కార్డుల దాకా వెళ్ళనక్కర్లేదు, కుర్చీల కిరకిరలే చెప్పాయి. మర్నాడు ఉదయం మా గదిలో మీటింగ్. డైరెక్టర్, గోర్డన్, స్టూడియో ప్రతినిధి మార్షా, మూల కుర్చీలో నోట్‌బుక్‌తో నేను.

మార్షా గురించి ఈ సినిమా అభిమానులు చెప్పుకునేవన్నీ పక్కన పెట్టండి. ఆవిడ ముక్కుసూటి మనిషి. కాఫీ కూడా తనే తెచ్చుకునేది.

“పన్నెండు నిమిషాలు పోవాలి” అంది. “గుడ్ల పాఠం ఏడు. కారిడార్ షాట్ నాలుగు. మిగతాది అక్కడా ఇక్కడా సర్దుకోవచ్చు. తలుపు సీను మాత్రం ముట్టుకోకండి. అక్కడ జనం పాప్‌కార్న్ నమలడం ఆపేశారు. నేను వెనక నిలబడి విన్నాను.”

కారిడార్ షాట్ అంటే హీరో ఒక పొడవాటి నడవాలో నాలుగు నిమిషాలు నడవడం. కట్ లేకుండా ఒకే షాట్. దానికి రెండు రోజులు పట్టింది, డైరెక్టర్ పరువంతా అందులో ఉంది. చూసేవాడికి అది నడక, తీసినవాడికి కావ్యం.

“కారిడార్ జోలికి రావద్దు” అన్నాడు డైరెక్టర్. “అది నా సంతకం.”

“అయితే నాలుగు నిమిషాలు ఎక్కణ్ణుంచి తెస్తావు?”

“ఆ ముసలావిడ సీను తీసేయ్. కథకు అవసరం లేదు.”

మార్షా గోర్డన్ వైపు చూసింది. గోర్డన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

“నిడివి మాది, ఎంపిక నీది. ఒప్పందం అదే” అంది మార్షా లేస్తూ. “కానీ ఇది తప్పు. నేను వద్దన్నానని రాసిపెట్టండి.” ఆ చివరి మాట నా వైపు చూసి అంది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక కారణం గడిలో ఏం రాయమంటావని గోర్డన్‌ని అడిగాను.

“ఎప్పుడూ రాసేదే.”

రాశాను. శుక్రవారం మార్షా ఆ కాగితం తీసుకుని, పై నుంచి కింద దాకా చదివి, ఏమీ అనకుండా పొడి సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఈడిత్ వచ్చింది

విడుదలకు వారం ముందు ఈడిత్ మా గదికి వచ్చింది. రెజైనా నుంచి చెల్లెలూ, నాటకాల వాళ్ళు ఇంకొందరూ తన సీను చూడడానికి వస్తున్నారట, వాళ్ళకు మంచి సీట్లు ఏర్పాటు చేయగలనా అని అడగడానికి వచ్చింది. చేతిలో ఇంట్లో చేసిన బటర్ టార్ట్‌ల డబ్బా, వెన్నా చక్కెరా నింపి కాల్చే ఇక్కడి మిఠాయి. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. సీను పోయిందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ పని కూడా మూల కుర్చీ దానికే మిగిల్చారు.

చెప్పాను. ఆవిడ డబ్బా బల్ల మీద పెట్టి, మూత సరిగ్గా పడిందో లేదో చూసింది.

“ఎవరు తీశారు?”

“స్టూడియో నుంచి వచ్చింది.”

“స్టూడియో అంటే మార్షాయేనా?”

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. టార్ట్‌ల డబ్బా కేసి చూశాను. గోర్డన్ దగ్గర మూడేళ్ళలో బూట్లు చూసుకోవడం బాగానే నేర్చుకున్నాను.

“షూటింగ్‌లో నా దగ్గరికొచ్చి, ఈ సీను కోసమే ఈ సినిమా ఒప్పుకున్నానంది” అంది ఈడిత్. “అందరితోనూ అలాగే అంటుందన్నమాట.”

రెండు నెలల తర్వాత గోర్డన్ నవ్వుతూ ఒక కబురు మోసుకొచ్చాడు. నాలుగో భాగం ఆ వంటమనిషి చుట్టూ అల్లాలని మార్షా పట్టుబట్టిందట. స్వయంగా ఈడిత్‌కి ఫోన్ చేసి సినిమాకంతా నువ్వే అందట. ఈడిత్ “రెండు నాలుకల మనిషితో పనిచేయను” అని ఫోన్ పెట్టేసిందట.

నాలుగో భాగంలో ఆ వేషం ఇంకొకావిడ వేసింది, బాగా పేరు తెచ్చుకుంది. ఈడిత్ రెజైనా వెళ్ళిపోయింది. మళ్ళీ సినిమాలో కనబడలేదు.

నేను ఆ రోజే ఈడిత్‌కి ఫోన్ చేసి నిజం చెప్పి ఉండవచ్చు. నంబరు మా కాంటాక్ట్ షీట్‌లోనే ఉంది. చేయలేదు. ఎందుకని మీరడిగితే నా దగ్గర చక్కటి జవాబులున్నాయి. గదిలో నల్లటి మొహం నాదొక్కటే. తర్వాతి సినిమా గోర్డన్ చేతిలో ఉంది. కొత్త దేశం. అన్నీ నిజాలే. కానీ ఆ జవాబులు ఎప్పుడు వల్లించుకున్నా నాకు నా చేతిరాతే కనబడుతుంది. ‘స్టూడియో సూచన.’

హారిక ప్రెజెంటేషన్

అంతా మరిచిపోయి హాయిగా రిటైరయ్యాను. తలుపు సీను మాత్రం నన్ను మరిచిపోలేదు. డిస్కు వచ్చినప్పుడు తొలగించిన సన్నివేశాల్లో దాన్ని పెట్టారు. డైరెక్టర్ దాని మీద గొంతు పూడుకుపోయేలా వ్యాఖ్యానం చెప్పాడు. తన గుండెకాయను మార్షా కోసేసిందట. డిస్కుతో ఇచ్చిన చిన్న పుస్తకంలో సాక్ష్యంగా మా పట్టికలోని ఒక పేజీ ఫొటో వేశారు. ఆ గుండెకాయ పుణ్యాన ఆయన నలుగురిలో హుతాత్ముడయ్యాడు. కారిడార్ నడక సంగతి ఎవరూ అడగలేదు.

కాలేజీలో చివరి అసైన్‌మెంట్‌గా, ఒక సినిమాలో పోయిన సీను ఏదైనా తీసుకుని అది ఎందుకు పోయిందో చెప్పమన్నాను. హారిక అని ఖమ్మం అమ్మాయి. నేను చెప్పిన ఐదుగురిలో ఒకతె. పొద్దున వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి, అదే జాకెట్‌తో క్లాసుకొచ్చి ముందు వరసలో కూర్చునేది. క్లాసులో మేడమ్ అనేది, నార్త్ యార్క్ దాకా ఒకే ట్రెయిన్‌లో వెళ్ళేవాళ్ళం కాబట్టి స్టేషన్‌లో ఆంటీ అనేది. ఆ పిల్ల ఎంచుకున్నది తలుపు సీను.

నన్నడిగితే నేను పనిచేసిన సినిమా అని చెప్పేదాన్ని. పేర్లలో నాది చివర్లో చీమల వరసలో ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ చూడరు, తనూ చూడలేదు.

సీను చూపించింది. గదిలో యాభై మందీ ఫోన్లు దించారు. అది మామూలు విషయం కాదు. తర్వాత తెర మీద ఆ పేజీ ఫొటో పెట్టింది.

“ఇక్కడ క్లియర్‌గా ఉంది చూడండి. స్టూడియో సూచన. ఒక ఆర్టిస్ట్ లైఫ్‌ని ఒక కార్పొరేట్ లేడీ రెండు మాటల్లో ఎట్ల ఫినిష్ చేసిందో...” అని ఆగింది. తెరకు దగ్గరగా వెళ్ళి చూసింది. చేతిలో నేను దిద్ది ఇచ్చిన పాత అసైన్‌మెంట్ ఉంది. దాన్నీ తెరనూ మార్చి మార్చి చూసింది. విజయవాడ కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పిన రాత నాది. ఇంగ్లీషు ‘డి’ కొమ్ము వెనక్కి వంచి రాస్తాను. ఈ దేశంలో అలా రాసేవాళ్ళు తక్కువ.

“మేడమ్, ఇది మీ రైటింగ్ కదా?”

వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను లేచి వెళ్ళి జరిగింది మొత్తం చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పినట్టే, బూట్లతో సహా.

హారిక తెర మీది పేజీని ఇంకోసారి చదివింది. తర్వాత, “అయితే నాది మొత్తం రాంగేనా మేడమ్? మార్కులు పోతయా?” అంది.

“నీ మార్కులెక్కడికీ పోవు. చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మావు. తప్పు కాగితానిది.”

“కాగితానిది కాదు కదా మేడమ్” అంది.

ఇరవై ఆరేళ్ళలో నా పని మీద ఎవరూ అంత సూటిగా నోట్ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం స్టేషన్‌లో నా పక్కన నిలబడి అడిగింది. “ఆ ఆర్టిస్ట్ ఉన్నారా ఆంటీ?”

“రెజైనాలో ఉందని విన్నాను.”

“మరి మాకు చెప్పిండ్రు గానీ, ఆమెకు చెప్పిండ్రా?”

రెజైనా

సెలవుల్లో వెళ్ళాను. వృద్ధుల నివాసంలో కిటికీ పక్కన కూర్చుని ఉంది ఈడిత్. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. నేనెవరో గుర్తు చేశాను.

“టార్ట్‌లు తిన్నావా లేదా?” అంది ముందు.

“తిన్నాను.”

“ఏడుస్తూ తిన్నావా?”

“లేదు. బాగున్నాయి.”

నవ్వింది. నేను చెప్పవలసింది చెప్పాను. మీటింగ్, కారిడార్, మార్షా అన్న మాటలు, నేను రాసిన రెండు మాటలు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నాటకాల మనిషి కదా, ఎదుటివాళ్ళ డైలాగ్ పూర్తయ్యేదాకా ఆగడం తెలుసు.

“ఆ డైరెక్టర్‌కి ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపుతున్నాను” అంది చివరికి. “నా కోసం కొట్లాడాడని. వాడు ప్రతిసారీ జవాబు రాస్తాడు. గుండెకాయ బొమ్మ వేసి.”

క్షమించమని అడిగాను.

“అది తర్వాత చూద్దాం” అంది. “ముందు ఇది చెప్పు. నువ్వేం రాశావో మార్షాకు తెలుసా?”

“తెలుసు. చదివి సంతకం పెట్టింది.”

“నాకు ఫోన్ చేసినప్పటికే తెలుసా?”

“అంతకు చాలా ముందే.”

ఈడిత్ కుర్చీ చేతి మీద వేలితో రెండుసార్లు కొట్టింది. కావాలని కొట్టిందో అలవాటో నాకు తెలియదు.

“నేను ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. రెండు నాలుకలన్నాను, ఇంకా చాలా అన్నాను. మొత్తం విన్నది. ‘ఆ సీను పోయినందుకు నాకూ బాధగా ఉంది ఈడిత్’ అంది, అంతే. ‘తీయించింది నేను కాదు’ అని మాత్రం అనలేదు.”

నేను వచ్చేటప్పుడు కూడా క్షమించానని అనలేదు. అననందుకు ఆవిణ్ణి తప్పు పట్టను.

మార్షా ఎప్పుడో సినిమాలు వదిలేసింది. పాత చిరునామాకు నేను రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఈ పనిలోకి వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కారణం గడిలో మనిషి పేరు రాయండి. రాయడానికి ధైర్యం చాలకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి ఎవరి వేషాన్నీ పోగొట్టదు.

డైరెక్టర్ ఎందుకు అబద్ధమాడాడో నాకు తెలుసు. గోర్డన్ ఎందుకు ఊరుకున్నాడో, నేనెందుకు రాశానో తెలుసు. ఆ మూడింట్లోనూ విశేషమేమీ లేదు. తెలియనిది ఒక్కటే. తప్పు తనది కాదని చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగా ఉండి, అవతల ఈడిత్ తిడుతూ ఉంటే, మార్షా ఆ ఒక్క మాట ఎందుకు అనలేదు?